సంఘంల ఉన్నవా బిడ్డా?

"నెలనెలా జీతం తెచ్చుకునే అమ్మాయిలు కూడా మొగుడి చేత దెబ్బలు తింటారంటే నేను నమ్మను. తలుపు తీసుకుని బయటికొచ్చేస్తే సరిపోతుంది కదా!"

మా ఆఫీసులో ఒక సీనియర్ భోజనాల దగ్గర అన్న మాట ఇది. చెడ్డవాడేం కాదు. కోడ్ రివ్యూలో కూడా ఎవరినీ నొప్పించని మనిషి. ఆ రోజు ఏం మాట్లాడకుండా పెరుగన్నం తినేసి లేచాను. ఆ ప్రశ్నకి జవాబు రెండు ముక్కల్లో చెప్పేది కాదు. అందుకే ఇంత టపా.

ముందు అంకెలు. మన వాళ్ళకి అంకెలుంటేనే నమ్మకం కదా :) జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత 2019-21లో జరిగింది. దాని ప్రకారం తెలంగాణలో పెళ్ళయిన ఆడవాళ్ళలో (18 నుంచి 49 ఏళ్ళవాళ్ళు) 36.9 శాతం మంది ఏదో ఒకప్పుడు భర్త చేతిలో హింస పడ్డవాళ్ళే. దేశం మొత్తం మీద ఇది 29.3. అదే సర్వేలో ఇంకో ప్రశ్న ఉంది. చెప్పకుండా బయటికెళ్ళినా, వంట బాగా చెయ్యకపోయినా, అత్తమామలకి మర్యాద ఇవ్వకపోయినా... ఇలా ఏడు కారణాలు చదివి, వీటిలో దేనికైనా భర్త కొట్టడం న్యాయమేనా అని అడుగుతారు. ఒక్క కారణానికైనా "న్యాయమే" అన్న ఆడవాళ్ళు తెలంగాణలో నూటికి దాదాపు 84 మంది. దేశంలో మనమే ఫస్టు. ఆంధ్ర కూడా మన వెనకే ఉంది, కాబట్టి ఇందులో ప్రాంతాల గొడవ అక్కర్లేదు.

నా సంగతి క్లుప్తంగా చెప్తాను. మాది నల్గొండ జిల్లా, దేవరకొండ దగ్గర ఒక పల్లె. చదువూ ఉద్యోగం హైదరాబాదులో. 2016లో పెళ్ళి, కూకట్‌పల్లి వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో కాపురం. ఆయనా సాఫ్ట్‌వేరే. మూడో నెలలో మొదలైంది. ఎలా కొట్టేవాడు, దేనికి కొట్టేవాడు అనేది రాయను. అది చదివితే జాలి పుట్టడం తప్ప ఎవరికీ పనికిరాదు. పనికొచ్చేది ఇంకోటుంది. అది నా జీతం ఎటు పోయేదన్నది.

శాలరీ అకౌంట్ నాదే. కానీ దానికి లింకయిన ఫోన్ నంబరు ఆయనది. ఓటీపీ ఆయనకే వస్తుంది. నెలాఖరు సాయంత్రం జీతం పడేది, రాత్రికి వెళ్ళిపోయేది. ఫ్లాట్ లోను అందులోంచే కట్టేవాళ్ళం, ఫ్లాట్ మాత్రం మామగారి పేరు మీద. నా మెయిల్ రికవరీ నంబరూ ఆయనదే, మ్యాప్స్‌లో నా లొకేషన్ ఎప్పుడూ ఆయనకి కనపడుతూనే ఉండేది. ఆఫీసులో ప్రొడక్షన్ సర్వర్లకి నాకు అడ్మిన్ యాక్సెస్ ఉంది. నా బతుక్కి మాత్రం నేను గెస్ట్ యూజర్ని. తలుపు తీసుకుని బయటికి రావడానికి ఆటో డబ్బులు కావాలి కదా సారూ!

ఇక ఇరుగుపొరుగు. రెండు వందల పైచిలుకు ఫ్లాట్లు, ఒక వాట్సాప్ గ్రూపు. ఎవరి కుక్కయినా రాత్రిపూట అరిస్తే తెల్లారేసరికి పది మెసేజ్‌లు. మా ఇంట్లోంచి నాలుగేళ్ళు అరుపులు వినపడ్డాయి. ఒక్క మెసేజ్ కూడా రాలేదు. వాళ్ళని తిట్టడానికి రాయట్లేదు. పక్కింట్లో అలా వినపడితే నా నోట కూడా మాట వచ్చేదో లేదో.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాక ఆఫీసు అనే ఎనిమిది గంటల ఊపిరి కూడా పోయింది. జాతీయ మహిళా కమిషన్ ఆ ఏప్రిల్‌లో ఫిర్యాదుల కోసం వాట్సాప్ నంబరు పెట్టింది. మనిషి పక్క గదిలోనే ఉంటే ఫోన్లో మాట్లాడటం కుదరదు మరి. ఆ ఆగస్టులో ఒక పొద్దున ఆయన స్నానానికెళ్ళిన పది నిమిషాల్లో లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని వచ్చేశాను. ఎల్బీనగర్ దాకా ఆటో, అక్కణ్ణుంచి దేవరకొండ బస్సు. ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్... (సాగర్ రోడ్డులో 'మాల్' అనే ఊరుంది. మా కజిన్స్ హైదరాబాదీలని "మేం రోజూ మాల్‌కి పోతం" అని ఏడిపించేవాళ్ళు.) మాల్ దాటాక నల్గొండ జిల్లా. అప్పుడు ఫోన్ స్విచ్చాఫ్ చేశాను.

ఇంటికెళ్తే అంతా బాగయిపోతుందనేది సినిమాల్లో. నాన్న రెండ్రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్నే "ఎన్ని దినాలుంటవ్ బిడ్డా?" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. చెల్లెలి సంబంధం నడుస్తోంది, ఊరంతా అడుగుతోంది, ఆయన భయం ఆయనది. కానీ నాలుగేళ్ళ దెబ్బల కన్నా ఆ ఒక్క మాట ఎక్కువ తగిలింది. అమ్మ చాటుగా వాళ్ళ చెల్లెలికి ఫోన్ చేసింది.

మా చిన్నమ్మని మక్తల్ వైపు ఇచ్చారు. పాత మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు నారాయణపేట జిల్లా. (2016లో ఒకసారి, 2019లో ఒకసారి విడగొట్టాక పాలమూరు అయిదు జిల్లాలైంది. మా చిన్నమ్మ ఇప్పటికీ "మా పాలమూరు" అనే అంటుంది.) మక్తల్, మహబూబ్‌నగర్, జడ్చర్ల, కల్వకుర్తి, మల్లేపల్లి. ఇదంతా ఇప్పుడు ఒకటే జాతీయ రహదారి, నంబరు 167. ఆ దారంతా బస్సులు మారుకుంటూ మర్నాటికల్లా వచ్చేసింది. ఒక్కతే రాలేదు, వెంట ఇంకో ఆవిడని తీసుకొచ్చింది. "ఈమె మా సంఘం" అని పరిచయం చేసింది. చుట్టం కాదు, కులం కాదు. "మా సంఘం" అంతే.

ఆ వచ్చిన ఆవిడ నన్ను ఏమైంది అని అడగలేదు. ఎందుకు కొట్టిండు అనీ అడగలేదు. చెంబుడు నీళ్ళు తాగి, "కాయితాలు ఏడున్నయ్?" అంది. సర్టిఫికెట్లు, ఆధార్, పాన్, పాస్‌బుక్కు, పెళ్ళి ఫోటోలు. లాప్‌టాప్ బ్యాగులో ఉన్నవి చూపించాను. "బంగారం?" అంది. అక్కడే ఉంది అన్నాను. "రాసుకో. ఏ నగ, ఎన్ని తులాలు, ఎవలు పెట్టిండ్రు. ఇప్పుడే రాయి, రేపటికి మర్సిపోతవ్." తర్వాత నిదానంగా అడిగింది. "పట్నంల నువ్వు సంఘంల ఉన్నవా బిడ్డా?"

లేదు అన్నాను. ఆవిడ నిజంగా ఆశ్చర్యపోయింది. మా చిన్నమ్మ వైపు తిరిగి, "గంత జీతం, సంఘం లేదంట!" అంది.

ఈ సంఘాల కథ కొంచెం చెప్పాలి. మన తరంలో చాలామందికి డ్వాక్రా అంటే ఎన్నికలప్పుడు వినపడే మాట, అంతే. మహిళా సమాఖ్య అని కేంద్ర విద్యాశాఖ కార్యక్రమం ఒకటుండేది. 1986 విద్యావిధానం దాని పునాది, 1988లో మొదలైంది. 1990ల మొదట్లో మన రాష్ట్రానికొచ్చినప్పుడు ముందుగా అడుగు పెట్టిన జిల్లాలు మెదక్, మహబూబ్‌నగర్. ఇందులో గమ్మత్తు ఏంటంటే అది అప్పులూ ఇవ్వదు, సబ్సిడీలూ ఇవ్వదు. వచ్చిన కార్యకర్తలు ఊళ్ళో ఆడవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడించేవాళ్ళు, అంతే. మా చిన్నమ్మ మాటల్లో, "ఏమిస్తరమ్మా అంటే ఏమియ్యం అన్నరు. ఏమియ్యనోళ్ళు దినాం ఎందుకొస్తున్నరు అని సూడనీకి పోయినం."

అలా పోయి కూర్చుంటే ముందు మాట్లాడుకుంది బోరింగు గురించి. తర్వాత కూలి రేట్ల గురించి. ఎవరింట్లో ఎవరు కొడతారనేది బయటికి రావడానికి ఏడాది పైన పట్టిందట. అప్పుడు తెలిసిందేంటంటే దాదాపు ప్రతి ఇంట్లో ఉంది! ఒక్కొక్కరూ తన ఇంట్లోనే అనుకుంటున్నారు. ఆ మగాళ్ళలో సగం మంది ఆరు నెలలు బొంబాయి పనులకి వలసపోయేవాళ్ళే, తిరిగొచ్చినప్పుడు అప్పులూ సారా గొడవలూ వెంట తెచ్చేవాళ్ళు. సరిగ్గా ఆ కాలంలోనే, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా అంగడి మూయించారు. ఆ మంట రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. మనం దాన్ని మద్యం ఉద్యమం అంటాం గానీ, అందులో సగం తన్నుల మీద తిరుగుబాటు. తాగొచ్చి కొట్టడం అనే మాటలో ఊరివాళ్ళు మొదటి సగాన్ని బయట మాట్లాడనిచ్చారు, రెండో సగాన్ని ఇంటి విషయం అన్నారు.

2000లో వెలుగు ప్రాజెక్టు మొదటి విడత ఆరు జిల్లాల్లో వచ్చింది, మహబూబ్‌నగర్ అందులో ఒకటి. తర్వాత నల్గొండతో సహా మిగతా జిల్లాలకీ విస్తరించింది. పది పదిహేను మంది కలిస్తే సంఘం, ఊళ్ళో సంఘాలన్నీ కలిస్తే గ్రామ సమాఖ్య, దాని పైన మండల సమాఖ్య. మహిళా సమాఖ్యకి 2016లో కేంద్రం నిధులు ఆగిపోయాయి. కానీ కూర్చోవడం అలవాటైనవాళ్ళు కూర్చుంటూనే ఉన్నారు.

మా నల్గొండ వైపు ఇంకో కథ ఉంది. వి. రుక్మిణీ రావు గారని, 1980ల మొదట్లో ఢిల్లీలో వరకట్న చావుల మీద పోరాడిన 'సహేలీ' వ్యవస్థాపకుల్లో ఒకరు. ఆవిడ 1997లో 'గ్రామ్య' సంస్థ పెట్టి దేవరకొండ, చందంపేట ప్రాంతం లంబాడీ తండాల్లో పని మొదలుపెట్టారు. ఆడపిల్ల పుడితే బతకనివ్వని, బతికితే అమ్మేస్తున్న రోజులవి. లంబాడీల్లో ఒకప్పుడు మగపెళ్ళివారే ఓలి ఇచ్చేవాళ్ళు. అది పోయి కట్నం వచ్చాకే ఆడపిల్ల బరువైంది. మా పల్లెకి పక్కనే ఇంత జరుగుతుంటే మేం ఎంసెట్ ర్యాంకుల గొడవలో ఉన్నాం.

సరే, అసలు విషయానికొస్తా. చిన్నమ్మ నన్ను మక్తల్ వైపు తీసుకెళ్ళిపోయింది. అక్కడ ఏడు నెలలున్నాను. పగలు వర్క్ ఫ్రం హోమ్ (సిగ్నల్ డాబా మీద ఒక మూలనే, స్టాండప్ కాల్ వెనకాల కోడికూతలు), సాయంత్రం జొన్నరొట్టెలు నేర్చుకోవడం. నా బుర్ర మామూలు కావడానికి కౌన్సెలింగ్ కన్నా ముందు పనిచేసింది ఒక చిన్న విషయం. ఆ వాడలో ఎవరూ నన్ను "అయ్యో పాపం" అనలేదు. వాళ్ళలో నలుగురైదుగురికి అంతకన్నా ఎక్కువే జరిగింది. ఒకావిడ తన మోచేతి దగ్గర వంకర చూపించి "ఇది నాది" అని, "ఉల్లిగడ్డలు కోసియ్యి" అని కత్తి చేతిలో పెట్టింది.

కేసు కూడా అక్కణ్ణుంచే వేశాం. ఇది చాలామందికి తెలీదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. దాని 27వ సెక్షన్ ప్రకారం మీరు తాత్కాలికంగా తలదాచుకున్న చోట కూడా కేసు వెయ్యొచ్చు. కాపురం చేసిన ఊరికే పోనక్కర్లేదు. 498ఏ విషయంలో కూడా సుప్రీంకోర్టు 2019లో రూపాలీ దేవి కేసులో ఇదే చెప్పింది. (2024 జులై 1 నుంచి ఆ సెక్షన్ భారతీయ న్యాయ సంహితలో 85, 86గా మారింది.) కొట్టడమే హింస కాదు. తిట్టడం, బెదిరించడం, నా జీతం నాకు దక్కనివ్వకపోవడం, అన్నీ ఆ చట్టం కింద హింసే. ఆర్థిక హింస అనే మాట అందులోనే ఉంది. ఫ్లాట్ మామగారి పేరున ఉంది కాబట్టి నీకు హక్కు లేదు అనేవాళ్ళకి జవాబు 2020 అక్టోబరులో వచ్చింది. సతీశ్ చందర్ ఆహూజా కేసులో సుప్రీంకోర్టు, అత్తమామల పేరున ఉన్న ఇల్లయినా మీరు కాపురం చేసిన ఇల్లయితే అక్కడ ఉండే హక్కు అడగొచ్చంది.

జిల్లాలో రక్షణాధికారి ఉంటారు, వాళ్ళు గృహ హింస నివేదిక రాసి కోర్టుకి పంపుతారు. ఎక్కడికి పోవాలో తెలియకపోతే 181కి ఫోన్ చేస్తే సఖి కేంద్రానికి కలుపుతారు. చట్టంలో మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లో తేల్చే ప్రయత్నం చెయ్యాలని ఉంది. నాది రెండేళ్ళ పైన పట్టింది. ఆ అరవై రోజుల సెక్షన్‌ని మన రిలీజ్ ప్లాన్లు రాసేవాళ్ళే రాసుంటారని నా అనుమానం. కానీ ప్రతి వాయిదాకి నాతో పాటు ఇద్దరు వచ్చేవాళ్ళు, ఆ రోజు కూలి పోగొట్టుకుని. కోర్టు వరండాలో అవతలివాళ్ళు పదిమంది నిలబడి ఉంటే, ఇటు నువ్వొక్కదానివే ఉండటానికీ, పక్కన ముదురు రంగు నారాయణపేట చీరల్లో ఇద్దరు కూర్చుని పల్లీలు ఒలుచుకుంటూ ఉండటానికీ చాలా తేడా ఉంది.

సంఘాలని నెత్తినెక్కించుకోవాలని కాదు నేననేది. వాళ్ళతో నాకు గట్టి గొడవే ఉంది. వాళ్ళ మొదటి మందు రాజీ. కొట్టినవాడి ఇంటి ముందు పోయి కూర్చుంటారు, పెద్దమనుషుల ముందు కాయితం రాయిస్తారు, వారం వారం పోయి చూసొస్తారు. కొన్ని ఇళ్ళల్లో అది పనిచేసింది, నా కళ్ళతో చూశాను. కానీ పంపకూడని పిల్లని తిరిగి పంపడం కూడా చూశాను. "పిల్లలున్నరు గద" అనే మాట దగ్గర వాళ్ళూ మా నాన్నా ఒకటే. నేను ఒక మీటింగులో ఈ మాట పైకే అన్నాను. చాప మీద చాలాసేపు నిశ్శబ్దం. చివరికొకావిడ "నీకు జీతముంది బిడ్డా, దానికి ఏముంది?" అంది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ సగమే ఉంది.

అమెరికాలో కూడా కథ పెద్దగా వేరు కాదు. న్యూజెర్సీలో ఉన్న నా ఇంజినీరింగ్ స్నేహితురాలు హెచ్‌4 మీద వెళ్ళింది. అక్కడ దక్షిణాసియా ఆడవాళ్ళ కోసం 'మానవి' అనే సంస్థ 1985 నుంచీ ఉంది. దాని పేరు తనకి చెప్పింది మన తెలుగువాళ్ళెవరూ కాదు, గ్రోసరీ షాపు కౌంటర్ దగ్గర గుజరాతీ ఆవిడ. పండక్కి వెయ్యిమంది కలిసే మన వాళ్ళలో ఈ మాట చెప్పడానికి ఒక్కరు లేకపోయారు. హైదరాబాదులో 'భూమిక' వాళ్ళు 2006లో హెల్ప్‌లైన్ పెట్టారు. నేను ఆ పత్రిక హాస్టల్లో చదివినదాన్నే. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యలేదు. నాలాంటివాళ్ళకి అది అవసరం పడదనే అనుకున్నాను, మా సీనియర్ లాగే.

2021లో హైదరాబాదు వచ్చేటప్పుడు చిన్నమ్మ ఒకటే చెప్పింది. "ఆడ సంఘం పెట్టుకో. ఉట్టిగ కూసుందమంటే ఎవ్వరు రారు. పైసలు జమ చేద్దమను, వస్తరు." ఇది ఎంత తెలివైన మాటో నాకు తర్వాత గానీ అర్థం కాలేదు. పొదుపు అనేది హాజరుపట్టీ. "నాకు ఇంట్లో కష్టంగా ఉంది" అని చెప్పి బయటికి రాలేని మనిషి "చిట్టీ డబ్బులు కట్టాలి" అని చెప్పి రాగలదు. మీటింగుకి రాకపోతే ఎందుకు రాలేదని ఫోన్ చేసే హక్కు మిగతావాళ్ళకి ఉంటుంది.

మొదట ముగ్గురం. ఒకరు మియాపూర్, ఒకరు నిజాంపేట, మూడోదాన్ని నేను. ఇప్పుడు పదకొండు మందిమి, వేరువేరు కంపెనీలు. నెలకి రెండు వేలు, రెండో ఆదివారం. అందరూ దెబ్బలు తిన్నవాళ్ళు కాదు, అది అడగం కూడా. మేం చేసేది పెద్దగా ఏం లేదు. కాగితాల కాపీలు ఒకరివి ఇంకొకరి దగ్గర. ఫోన్ నంబర్లు ఎలా విడదీసుకోవాలో, లింకైన పరికరాలు ఎలా చూసుకోవాలో కూర్చుని చూపిస్తాం. కానీ ఇంకా ఆ ఇంట్లోనే ఉన్న మనిషి చేత అవన్నీ ఒకేసారి మార్పించం. లొకేషన్ ఆగిపోగానే అవతలివాడికి అనుమానం వస్తుంది. అన్నిటికన్నా ప్రమాదమైన రోజు బయటపడే రోజే. ముందు కొత్త అకౌంటు, కొత్త మెయిలు, అదీ ఆఫీసు లైబ్రరీలో కూర్చుని. జీతం అకౌంటు మార్చడం ఎచ్చార్ పోర్టల్లో అయిదు నిమిషాల పని, అది మాత్రం ఆఖరి రోజున.

పోయిన ఏడాది ఒక రాత్రి పదకొండింటికి ఫోనొచ్చింది. నలుగురం ఒక క్యాబ్‌లో వెళ్ళాం. ముందు 112కి ఫోన్ చేశాం. మేం చేసిందల్లా బెల్ కొట్టి, తలుపు తీసినాయనతో "పొదుపు లెక్కలున్నాయండీ, తనతో మాట్లాడాలి" అనడం. నాకే నవ్వొచ్చింది, ఆ టైమ్‌లో పొదుపు లెక్కలేంటని. ఆయన ఏమనాలో తెలీక పక్కకి జరిగాడు. పోలీసులొచ్చేసరికి ఆ అమ్మాయి బ్యాగుతో మా మధ్యలో నిలబడి ఉంది. ఎదురు ఫ్లాట్ తలుపు కొంచెం తెరుచుకుంది, మళ్ళీ మూసుకుంది. ఈసారి ఆ తలుపు కొట్టి వాళ్ళ ఫోన్ నంబరు కూడా తీసుకున్నాం.

సంక్రాంతికి చిన్నమ్మ వచ్చినప్పుడు మా పుస్తకం చూస్తానంది. స్ప్రెడ్‌షీట్ చూపిస్తే ఒప్పుకోలేదు, ప్రింటు తీయించింది. కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కింది దాకా చదివి, "పైసల లెక్క మంచిగున్నది. తీర్మానాలేవి?" అంది. తీర్మానాలా అన్నాను. "సంఘమన్నంక తీర్మానం రాయాలె. అందరు సంతకం పెట్టాలె. పైసలు బ్యాంకుల గూడ పెట్టుకుంటరు."

వచ్చే ఆదివారం ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాం. మొదటి తీర్మానం: మియాపూర్ ఫ్లాట్ తాళంచెవి ఎప్పుడూ ఇద్దరి దగ్గర ఉండాలి, ఆ గది అద్దె పొదుపులోంచి పోవాలి, ఎవరు వచ్చినా ఎన్ని రోజులుంటావని అడగకూడదు. పదకొండు సంతకాలు.